వంతు తప్పని దీవి

(ఒంగోలులో జరిగిన ఒక గ్రంథాలయ సభలో, నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన ఇంజనీరు బాలి ప్రయాణం గురించి చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, సభలోని పెద్దలకు, చివరి వరుసలో కూర్చున్న, కాలువ షట్టర్లు చూసిన మా పాత లష్కర్లకు నమస్కారం.

బాలి గురించి మాట్లాడమని ఫోను చేసినప్పుడు, ఫొటోలు కూడా చూపిస్తే బాగుంటుందని కార్యదర్శిగారు అన్నారు. ఫొటోలన్నీ మా అమ్మాయి ఫోనులో ఉన్నాయి, మా అమ్మాయి బెంగళూరులో ఉంది. అందుకని ఈ సాయంత్రం మీకు మాటలే. ఒకందుకు అదీ మంచిదే. ఫొటోల్లో బాలి అంటే సముద్రం, కొబ్బరిచెట్టుకు కట్టిన ఊయల, దాని మీద పొడవాటి ఎర్ర గౌనులో ఒక అమ్మాయి. సముద్రం చూడాలంటే మనకు కొత్తపట్నం ఉంది. నేను ఉద్యోగమంతా సాగర్ కుడి కాలువ మీద, అందులోనూ ఒంగోలు బ్రాంచి కాలువ గట్ల మీద తిరిగినవాణ్ణి. ఎక్కడికి వెళ్లినా నా కన్ను ముందు నీళ్లు ఎటు పారుతున్నాయో చూస్తుంది. మా ఆవిడ గుడి గోపురం చూస్తుంటే నేను గుడి పక్కనున్న పంటకాలువ చూస్తున్నానని ప్రయాణమంతా విసుక్కుంది.

ముందు దీవి కొలతలు చెబుతాను. ఇండోనేషియాలో ఉన్న వేల దీవుల్లో బాలి ఒకటి. విస్తీర్ణం 5,700 చదరపు కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. అంటే జిల్లాలు విడిపోకముందు మన ప్రకాశంలో మూడో వంతు. జనాభా 43 లక్షల పైచిలుకు. ముస్లింలు అత్యధికంగా ఉన్న దేశంలో ఈ ఒక్క దీవిలో నూటికి ఎనభై ఐదు మందికి పైగా హిందువులు. 2024లో అక్కడికి వచ్చిన విదేశీయులు దాదాపు 63 లక్షలు. ఇంట్లోవాళ్లకంటే చుట్టాలు ఎక్కువైన ఇల్లన్నమాట. జావా నుంచి, సుమత్రా నుంచి వచ్చే స్వదేశీ యాత్రికులు ఈ లెక్కలో లేరు. వాళ్లనూ కలిపితే ఇంకా ఎక్కువ.

ఇంతమంది తొక్కుతున్నా అక్కడి ఆచారాలు ఎలా నిలబడ్డాయి? అక్కడికి వెళ్లివచ్చిన మనవాళ్లందరూ ఒకటే చెబుతారు: వాళ్ల భక్తి గొప్పదండీ అని. భక్తి మనకు తక్కువా? నాకు కనిపించింది వేరు. అక్కడ ఆచారాన్ని నిలబెట్టింది హాజరు పట్టీ.

వివరిస్తాను. బాలిలో ప్రతి పేటకూ ఒక సంఘం ఉంటుంది, బంజర్ అంటారు. పెళ్లయిన మనిషి అందులో సభ్యుడు కాక తప్పదు. గుడిలో ఉత్సవమైనా, ఎవరింట్లో చావైనా, పేటలో ఏ పని పడినా భార్యాభర్తలిద్దరూ తమ వంతు పనికి రావాలి. తాటాకులు, కొబ్బరాకులు అల్లేవాళ్లు, మాంసం తరిగేవాళ్లు, పందిరి వేసేవాళ్లు, వాయిద్యాలు వాయించేవాళ్లు అందరూ పేటవాళ్లే. ఆ పనికి డబ్బు ఇవ్వరు. రాకపోతే జరిమానా. మళ్లీ మళ్లీ ఎగ్గొడితే మంచినీళ్లు పుట్టని స్థితి వస్తుంది. మరీ ముదిరితే వెలి వేస్తారు. వెలి పడిన ఇంటికి శవసంస్కారానికి కూడా ఎవరూ రారు, ఊరి శ్మశానం కూడా దక్కకపోవచ్చు. ఐదు నక్షత్రాల హోటల్లో సూటు వేసుకుని నిలబడ్డ మేనేజరు కూడా ఉత్సవం వస్తే సెలవు పెట్టి, తలకు గుడ్డ కట్టుకుని కొబ్బరికాయలు ఒలవాల్సిందే. హోటలువాళ్లు ముందే ఆ సెలవులు లెక్కవేసుకుని మనుషుల్ని పెట్టుకుంటారు.

వెలి అన్న మాట వినగానే ఈ సభలో కొందరి ముఖాలు మారాయి. మారాలి కూడా. మన ఊళ్లలో ఆ మాట ఎవరి మీద పడిందో, ఎందుకు పడిందో మనకు తెలుసు. బాలిలోనూ ఈ శిక్ష మీద గొడవలున్నాయి, అన్యాయంగా వేసిన సందర్భాలున్నాయి. కాబట్టి ఆ కట్టుబాటును నేను మెచ్చుకోవడం లేదు. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను. మనం మురిసిపోయి ఫొటో తీసుకునే ఆ పూల దోనెల వెనక అంత బరువు ఉంది. పూల దోనె అంటే చానాంగ్ సారి. అరచేతిలో పట్టేంత ఆకు దోనెలో నాలుగు రంగుల పూలు, కాస్త అన్నం, ఒక అగరువత్తి పెట్టి ప్రతి ఉదయం ఇంటి ముందు, దుకాణం ముందు, కారు మీద, చివరికి డబ్బులు తీసే యంత్రం మీద కూడా పెడతారు. చేసేది దాదాపు ఎప్పుడూ ఆడవాళ్లే. హోటల్లో ఎనిమిది గంటల పని చేసి వచ్చి అవి అల్లడం తీరని చాకిరీ. అందుకే ఇప్పుడు చాలామంది బజారులో కొంటున్నారు. ఈ మార్పును కొందరు పెద్దలు తప్పుపడతారు. తప్పుపట్టేవాళ్లలో అల్లేవాళ్లు తక్కువ.

మన ఉగాదికీ వాళ్ల సంవత్సరాదికీ చుట్టరికం ఉంది. వాళ్లదీ శక సంవత్సరమే. 2023లో ఉగాది, వాళ్ల న్యేపి రెండూ ఒకే రోజు వచ్చాయి, మార్చి 22న. కొన్నేళ్లు ముందువెనకలవుతాయి. ఆ రోజు మనం పచ్చడి తిని పంచాంగం వింటాం. వాళ్లు పొయ్యి వెలిగించరు, దీపం పెట్టరు, పనికి వెళ్లరు, గడప దాటరు. మొత్తం దీవి ఇరవై నాలుగు గంటలు మూత. విమానాశ్రయం కూడా మూత, ఒక్క విమానం దిగదు, ఎగరదు. 2018 నుంచి ఫోనుల్లో ఇంటర్నెట్టు కూడా ఆపేస్తున్నారు. పర్యాటకులు హోటలు ప్రహరీ లోపల ఉండాల్సిందే. నలుపు తెలుపు గళ్ల పంచె కట్టిన ఊరి కాపలాదార్లు వీధుల్లో తిరుగుతుంటారు, ఎవరైనా కాలు బయట పెడితే వెనక్కి పంపుతారు. పర్యాటకం మీద బతికే దీవి ఒక రోజు ఆదాయం పూర్తిగా వదులుకుంటుంది. ఇది ఎవరో ఒక మంత్రి ఆలోచించి పెట్టిన కార్యక్రమమైతే రెండో ఏడాదికి హోటలు యజమానుల సంఘం మినహాయింపు తెచ్చుకునేది.

ఇక నేను అసలు చెప్పదలుచుకున్న సంగతికి వస్తాను. సుబాక్.

సుబాక్ అంటే ఒకే కాలువ నీళ్లు పంచుకునే రైతుల సంఘం. ఊరి హద్దులతో దానికి పని లేదు, నీటి హద్దే దాని హద్దు. ఒక్కో సుబాక్‌లో యాభై మంది ఉండవచ్చు, నాలుగు వందల మంది ఉండవచ్చు. దీవి మొత్తం మీద పన్నెండు వందల దాకా ఉన్నాయి. పదకొండో శతాబ్దపు శాసనంలోనే ఈ మాట కనిపిస్తుంది. మన కంభం చెరువు కట్టక ముందు సంగతి. 2012లో యునెస్కో వీటిలో కొన్నింటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

నీళ్లు పంచే పద్ధతి చూసి నేను గట్టు మీద కూర్చుండిపోయాను. షట్టరు లేదు, చక్రం లేదు, తాళం లేదు. కాలువకు అడ్డంగా ఒక దుంగ. దుంగ మీద గాళ్లు కోసి ఉంటాయి. ఎవరి వంతు ఎంతో ఆ గాడి వెడల్పు అంత. నీళ్లు ఎక్కువ వచ్చినా తక్కువ వచ్చినా గాళ్ల నిష్పత్తి మారదు కాబట్టి వంతు మారదు. ఇప్పుడు చాలాచోట్ల దుంగ బదులు సిమెంటు కట్టారు గానీ సూత్రం అదే. ఎవరైనా రాత్రివేళ గాడి పెద్దది చేస్తే తెల్లారి పిల్లవాడికి కూడా కనిపిస్తుంది. మన దగ్గర షట్టరు తాళంచెవి అసిస్టెంట్ ఇంజనీరు దగ్గర ఉంటుంది. షట్టరు మాత్రం రాత్రికి రాత్రి తనంతట తానే లేస్తుంది. (నవ్వులు) మా లష్కర్లు నవ్వుతున్నారు, వాళ్లకు అన్నీ తెలుసు.

ఏ సుబాక్ ఎప్పుడు నారు పోయాలి, ఎప్పుడు పొలం ఎండబెట్టాలి అన్నది గుళ్లలో తేలుతుంది. కాలువ మొదట ఒక గుడి, చీలిక దగ్గర ఇంకో గుడి, అన్నింటికీ పైన బతుర్ అగ్నిపర్వతం దగ్గరున్న సరస్సు అమ్మవారి గుడి. ఉత్సవం రోజు రైతులందరూ అక్కడ చేరతారు. పూజ ఎంతసేపు జరుగుతుందో, నీటి పంచాయితీ కూడా అంతసేపూ జరుగుతుంది.

1970లలో హరిత విప్లవం వచ్చింది. కొత్త వంగడాలు, ఎరువులు ఇచ్చి, గుడి పంచాంగం పక్కనపెట్టండి, ఎవరికి వీలైనప్పుడు వాళ్లు నాటండి, ఎన్ని పంటలు తీయగలిగితే అన్ని తీయండి అని ప్రభుత్వం చెప్పింది. మొదట్లో దిగుబడి పెరిగింది. తరువాత దోమపోటు. మన రైతులకు దోమపోటు గురించి నేను చెప్పక్కరలేదు. ఏడాది పొడవునా ఏదో ఒక పొలంలో పచ్చని పైరు ఉంటే పురుగుకు ఆకలి ఉండదు కదా. స్టీఫెన్ లాన్సింగ్ అనే అమెరికా మానవశాస్త్రవేత్త 1980లలో ఒక జీవావరణ శాస్త్రవేత్తతో కలిసి ఆ గుళ్ల వ్యవస్థను కంప్యూటర్లో నమూనాగా కట్టి చూశాడు. చుట్టుపక్కల పొలాలన్నీ ఒకేసారి కోసి ఒకేసారి ఎండబెడితే పురుగు చస్తుంది, కానీ అందరూ ఒకేసారి నాటితే నీళ్లు చాలవు. ఈ రెంటి మధ్య ఎంత విస్తీర్ణాన్ని ఒక జట్టుగా కలపాలన్నదే చిక్కు. గుళ్లు శతాబ్దాలుగా తేల్చుకున్న జట్లు ఆ లెక్కకు దగ్గరగా ఉన్నాయి. ఇంజనీర్లు పక్కన పెట్టమన్న పంచాంగంలో ఇంజనీరింగు ఉంది. నా వృత్తివాళ్ల మీద నేనే చెబుతున్నాను, రాసుకోండి.

మన దగ్గర ప్రయత్నం జరగలేదా? జరిగింది. 1997లో సాగునీటి యాజమాన్యంలో రైతులకు భాగమిస్తూ చట్టం చేశారు, నీటి వినియోగదారుల సంఘాలు పెట్టారు. దేశంలో ఎవరూ చేయని పనే. కానీ ఆ సంఘం అధ్యక్షుడి చేతికి పూడికతీత బిల్లులు వచ్చాయి గానీ, ఎగువ రైతును ఆపే మాట రాలేదు. ఎన్నికలొచ్చాయి, పార్టీలొచ్చాయి. చివరి భూములకు నీళ్లు మాత్రం రాలేదు.

సరే, అక్కడికి పర్యాటకం ఎలా తగిలిందో చూద్దాం. దక్షిణాన చంగూ అని ఒక ప్రాంతం ఉంది. కొన్నేళ్ల క్రితం దాకా అంతా వరిపొలాలు. ఇప్పుడు విల్లాలు, ఈత కొలనులు, కాఫీ హోటళ్లు. విదేశీయులకు అక్కడ భూమి మీద పూర్తి హక్కు ఉండదు. అందుకని దీర్ఘకాలం కౌలుకు తీసుకుంటారు, లేదా స్థానికుడి పేరు మీద కొంటారు. బినామీ అన్న పదార్థం ఎల్లలు లేనిది. చుట్టూ విల్లాలు లేచేసరికి మిగిలిన పొలానికి కూడా భూమి పన్ను మార్కెట్టు ధరనుబట్టి పెరుగుతుంది. వరి మీద వచ్చేది పన్నుకే చాలదు. కాలువ మధ్యలో ఒకరు ప్రహరీ కట్టారంటే దిగువ నలుగురికీ నీళ్లు ఆగుతాయి. ఆ నలుగురూ అమ్ముకుంటారు. సుబాక్‌కు జరిమానా వేసే హక్కు ఉన్నది సభ్యుడి మీద. ఈత కొలను యజమాని సభ్యుడు కాడు. నేను చూసిన మొత్తం ప్రయాణంలో అసలు కిటుకు ఇక్కడే ఉంది. బంజర్ గట్టిగా ఉన్నచోట మేనేజరు కూడా కొబ్బరికాయ ఒలుస్తాడు. దాని పట్టీలో పేరు లేని డబ్బు వచ్చినచోట మాత్రం అది నిస్సహాయంగా చూస్తూ ఉంటుంది.

దక్షిణ తీరంలో బోర్లు లోతుకు పోతున్నాయి, ఉప్పునీరు లోపలికి వస్తోంది. 2025 సెప్టెంబరులో వానలకు దెన్‌పసార్ నగరం మునిగి పదిమందికి పైగా చనిపోయారు. వరిమడులు హోటళ్లుగా మారడం ఆపాలని అప్పుడు గవర్నరు అన్నారు. నీళ్లను కాసేపు పట్టి ఉంచే మడి లేకపోతే వాననీరు వీధుల్లోకి రాక ఎక్కడికి పోతుంది? విదేశీయుల దగ్గర 2024 ఫిబ్రవరి నుంచి తలకు లక్షా యాభై వేల రూపాయలు వసూలు చేస్తున్నారు. కంగారు పడకండి, ఇండోనేషియా రూపాయలు. మన లెక్కలో వెయ్యికి లోపే. సంస్కృతిని, ప్రకృతిని కాపాడడానికట. వెయ్యి రూపాయలకు కాపాడగలిగితే అంతకన్నా కావలసింది ఏముంది.

ఒక నిబంధన మాత్రం నాకు బాగా నచ్చింది. 1966లో సానూర్ తీరంలో పది అంతస్తుల హోటలు కట్టారు. ఊరంతా ఆ ఎత్తు చూసి బెదిరింది. తరువాత కొబ్బరిచెట్టును మించి ఏ కట్టడమూ లేవకూడదని, పదిహేను మీటర్లకు మించకూడదని నియమం పెట్టారు. అందువల్ల నేటికీ గుట్ట ఎక్కి చూస్తే ముందు చెట్లే కనిపిస్తాయి.

ఆచారం అంటే వేల ఏళ్లుగా మారనిది అని అనుకునేవాళ్ల కోసం ఒక్క మాట. రామాయణం కథతో, వందమంది మగవాళ్లు గుండ్రంగా కూర్చుని "చక్ చక్" అంటూ ఆడే కెచక్ మీరు వీడియోల్లో చూసే ఉంటారు. అది 1930లలో వాల్టర్ స్పీస్ అనే జర్మను చిత్రకారుడి ప్రమేయంతో, పాత పూనకపు పూజలో ఉన్న బృందగానం నుంచి తీర్చిన ప్రదర్శన. న్యేపి ముందురోజు ఊరేగించే రాక్షస బొమ్మలు దీవంతా పాకింది 1980లలోనే. దాంతో వాటి విలువ తగ్గిందా? తగ్గలేదు. కానీ బాలి పండితులు ఒక మంచి పని చేశారు. 1971లో దెన్‌పసార్‌లో కూర్చుని నాట్యాలను మూడు రకాలుగా విడదీశారు: గుడి లోపలి ఆవరణలో దేవుడికే చేసేవి, ఉత్సవంతో కలిసి నడిచేవి, ఎవరి ముందైనా ఆడదగ్గవి. మొదటి రకం టిక్కెట్టుకు ఆడకూడదన్నారు. గీత ఎక్కడ గీయాలో వాళ్లే కూర్చుని తేల్చుకున్నారు. గీత దాటినవాళ్లు లేరని కాదు. గీత ఉంది కాబట్టి దాటినట్టు తెలుస్తుంది.

తూర్పున తెంగానన్ అనే పాత ఊరు ఉంది. అక్కడ గెరింగ్‌సింగ్ అని ఒక బట్ట నేస్తారు. పడుగు, పేక రెండింటికీ ముందే ముడులు కట్టి రంగులు అద్ది నేసే బట్ట. దారాన్ని ఒక రకం గింజల నూనెలో నానబెడతారు. ఒక బట్ట పూర్తి కావడానికి ఏళ్లు పడుతుంది. ఆ మాట వినగానే మా ఆవిడ నన్ను మోచేత్తో పొడిచింది. ఆవిడ పుట్టిల్లు చీరాల. చీరాల తేలియా రుమాలు కూడా అదే పద్ధతి: నూనెలో నానబెట్టిన దారం, పడుగు పేక రెండింటికీ చిటికీ కట్టు. మనది ఓడలెక్కి అరబ్బు దేశాల దాకా పోయింది. కొనేవాళ్లు పలచబడేసరికి చీరాల మగ్గాలు వేరే రకాలకు మళ్లాయి. ఆ నేత నల్లగొండ వైపు పుట్టపాకలో నిలిచి, 2020లో అక్కడి పేరుతోనే భౌగోళిక గుర్తింపు తెచ్చుకుంది. తెంగానన్‌లో యాత్రికుడు కొన్నా కొనకపోయినా ఆ బట్ట కావాలి. ఆ ఊళ్లో ఉత్సవాలకు, ఇంటి సంస్కారాలకు అది లేకపోతే జరగదు. మొదటి కొనుగోలుదారు ఊరే. ఆ ఊళ్లో భూమిని బయటివాళ్లకు అమ్మకూడదన్న కట్టుబాటు కూడా ఉంది. ఈ రెంటినీ విడదీసి చూడలేం.

2021లో కరోనా వల్ల ఆ ఏడాది మొత్తానికి దీవికి వచ్చిన విదేశీ యాత్రికులు పదుల సంఖ్యలో ఉన్నారు. లక్షలు కాదు, వేలు కాదు. హోటళ్ల నుంచి ఇళ్లకు వచ్చిన పిల్లలు పొలాల్లోకి దిగారు. పొలం మిగిలిన ఊరివాళ్లు తిన్నారు. అమ్ముకున్నవాళ్లు మోటారుసైకిళ్లు కూడా అమ్ముకున్నారు.

ఒంగోలు సభలో ఒంగోలు గిత్త ప్రస్తావన లేకుండా దిగితే మీరు ఊరుకోరు. డచ్చివాళ్లు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మన గిత్తల్ని బాలికి తూర్పున ఉన్న సుంబా దీవికి తీసుకువెళ్లారు. నేటికీ అక్కడ వాటి సంతతిని సుంబా ఒంగోలు అనే అంటారు. జావాలో నాటు పశువులతో కలిసి పుట్టిన జాతికీ ఒంగోలు పేరే. బాలిలో మాత్రం మన గిత్తకు ప్రవేశం లేదు. అక్కడ అడవి జాతి నుంచి మచ్చికైన సొంత పశువు ఉంది, ఎర్రగా, కాళ్లకు తెల్ల మేజోళ్లు వేసినట్టు ఉంటుంది. ఆ జాతి కలుషితం కాకూడదని డచ్చి కాలంలోనే వేరే పశువులు దీవిలోకి రాకుండా కట్టడి చేశారు. ఒంగోలువాడిగా నాకు కాస్త చిన్నతనంగా అనిపించినా, మన దగ్గర మేలుజాతి గిత్త ఎన్ని ఊళ్లలో మిగిలిందో తలుచుకుంటే వాళ్లను తప్పుపట్టలేను.

ఇంతటితో ఆపుతాను. ఎవరైనా ఏమైనా అడగాలనుకుంటే అడగండి.

(ప్రశ్న, ఒక పెద్ద వయసు రైతు: సార్, మన సాగర్ కాలువకు కూడా ఆ సుబాక్ లాంటిది పెడితే మా చివరి పొలాలకు నీళ్లు వస్తాయంటారా?)

పెద్దాయనా, రావు. సూటిగానే చెబుతున్నాను. బాలిలో ఎగువ రైతు దిగువ రైతుకు నీళ్లు వదలడానికి ఒక కారణం ఉంది. దిగువవాడు తనతో పాటు కోసి తనతో పాటు ఎండబెట్టకపోతే అక్కడి పురుగు తన పొలానికి ఎగబాకుతుంది. నీటికి దిగువవాడు ఎగువవాడి మీద ఆధారపడతాడు, పురుగు విషయంలో ఎగువవాడు దిగువవాడి మీద ఆధారపడతాడు. ఇద్దరి జుట్టూ ఇద్దరి చేతుల్లో ఉంది. మన కాలువ వందల కిలోమీటర్లు. మాచర్ల దగ్గర రైతుకు మీతో ఏం పని? మీరు ఎండినా అతనికి ఏమీ కాదు. నీళ్లు వదిలేది ప్రాజెక్టు, పై మాట ప్రభుత్వానిది.

కానీ ఒక చెరువు కింద, ఒక తూము కింద వీలవుతుంది. మీ ఊరి చెరువు ఆయకట్టు ఎంత? అందులో రొయ్యల గుంటలు ఎన్ని? ఆ గుంటల యజమానుల పేర్లు మీ సంఘం పట్టీలో ఉన్నాయా, లేవా? అది చూసి చెప్పండి. లేకపోతే ముందు వాటిని ఎక్కించండి. పూడికతీత రోజు వాళ్లు మనిషిని పంపాలి, పంపకపోతే జరిమానా కట్టాలి అని తీర్మానం రాయండి. తీర్మానం రాసిపెట్టడానికి నేను వస్తాను, భోజనం మీ ఇంట్లో.

(మరో ప్రశ్న, ఒక యువతి: మేము జనవరిలో వెళ్దామనుకుంటున్నాం. వెళ్లవచ్చా?)

వెళ్లు తల్లీ. జనవరి వానాకాలం, గొడుగు పెట్టుకో. పడమటి గాలికి కూటా ఒడ్డున చెత్త కొట్టుకొస్తుంది, అది చూసి దీవంతా అంతే అనుకోకు. గుడికి వెళ్లేటప్పుడు నడుముకు కట్టుకోవడానికి ఒక బట్ట తీసుకెళ్లు. ఉలువతు గుడి దగ్గర కోతులు కళ్లజోళ్లు లాక్కుంటాయి, పండు ఇస్తేనే తిరిగిస్తాయి, జాగ్రత్త. జతిలువిహ్ వైపు వెళ్తే వరిమడుల మధ్య కాలువ గట్టు మీద నడువు. దుంగ కనిపిస్తే గాళ్లు లెక్కపెట్టి నాకు ఒక ఫొటో పంపు. మా అమ్మాయి ఫోనులో ఉన్నవన్నీ గోపురాలే.